రెండేళ్ల పాప అన్నీ "నేనే" అంటోంది, పొద్దున పూట ఎలా?

కర్నూలు అమ్మ:
మా పాపకు రెండేళ్లు నిండాయి. ముద్ద నోటి దాకా తీసుకెళ్తే నా చెయ్యి తోసేసి "నానే" అంటుంది. చెప్పులు, గౌను, నీళ్లు అన్నీ తనే. నాకది సంతోషమే, కానీ పొద్దున్నే ఆఫీసుకు బయల్దేరాలి. మా అత్తేమో "పిల్ల కడుపు నిండదు, నువ్వే పెట్టు" అంటుంది. మీరెలా నెట్టుకొస్తున్నారు?

అనంతపురం నాన్న:
మా వాడికి రాగి సంగటి బాగా కుదిరింది అక్కా. అన్నం మెతుకులు వేళ్ల సందుల్లోంచి జారిపోతాయి, సంగటి అయితే చేతికి పట్టు దొరుకుతుంది. గోరువెచ్చగా అయ్యాక చిన్న ఉండలు చేసి, పక్కన గిన్నెలో పప్పు పెడతాం. వాడే ముంచుకుని తింటాడు. సగం చొక్కా మీదే పడుతుంది, కింద పాత చీర పరిచేస్తాం. ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. మన ఇళ్లలో శెనక్కాయలు ఎప్పుడూ ఉంటాయి కదా, ఉడికించినా వేయించినా ఐదేళ్ల లోపు పిల్లలకు గింజ గింజగా ఇవ్వొద్దు. ఊపిరి గొట్టంలోకి పోతే ప్రాణం మీదికొస్తుంది. మెత్తగా పొడి చేసి అన్నంలో కలపండి, తింటున్నంతసేపూ పక్కనే కూర్చోండి.

కడప జేజి:
మీ అత్త భయం నాకు తెలుసు తల్లీ. మనవడు రెండు ముద్దలు తిని లేచిపోతే నాకూ మనసు ఒప్పదు. అయినా ఆకలి ఎంతో పిల్లకే తెలుస్తుంది, ఒక పూట తగ్గినా ఇంకో పూట తింటుంది. ముద్దలు చేసి ప్లేటులో పెట్టే పని మీ అత్తకు అప్పజెప్పు, నోట్లో పెట్టుకునేది పాప. నీళ్లు చిన్న చెంబులో సగమే పోసివ్వు. బండల మీద ఒలికితే కాలు జారుతుంది, వెంటనే తుడవాలి. మా వాడి చేతికి గుడ్డ ఇస్తే వాడే తుడుస్తాడు.

ఆదోని అక్క:
బట్టలు విప్పడం ముందొస్తుంది, తొడుక్కోవడం తర్వాత. నిక్కరు మోకాళ్ల దాకా లాగి వదిలేయండి, మిగతాది పాపే లాక్కుంటుంది. రాత్రే రెండు గౌన్లు తీసిపెట్టి "ఎర్రదా, పచ్చదా?" అని అడగండి.

కర్నూలు అమ్మ:
సంగటి రేపే చేస్తాను. రోడ్డు మీద కూడా చెయ్యి పట్టుకోనివ్వట్లేదు, అదే టెన్షన్.

ఆదోని అక్క:
అక్కడ తన ఇష్టానికి వదలొద్దు. "చెయ్యి పట్టుకుని నడుస్తావా, ఎత్తుకోనా?" అంతే. ఏడ్చినా సరే, ఆటోలు తిరిగే చోట చెయ్యి వదలకండి.