బీప్లాన్, పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చదివినవాళ్ళకి బెజవాడ–గుంటూరులో దారులేంటి? (చర్చ)

బ్రాడీపేట 4/14:
స్పా (స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్) విజయవాడలో బీప్లాన్, అంటే పట్టణ ప్లానింగ్ డిగ్రీ చదివినవాళ్ళకీ, ఎంఏ పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ చేసినవాళ్ళకీ ఇక్కడ దొరికే సలహా ఒక్కటే: "గ్రూప్స్ రాసుకో". అంతకు మించి ఏమున్నాయో, దరఖాస్తుల్లో ఎక్కడ దెబ్బతింటారో తెలిసినవాళ్ళు వివరంగా రాయండి.

కాలువగట్టు:
ముందు ఆ రెండు డిగ్రీలనూ ఒకే గాటన కట్టడం మానాలండీ. ప్లానింగ్ టెక్నికల్ అర్హత. కొన్ని పోస్టులకి అది ఉంటేనే దరఖాస్తు చేయనిస్తారు. పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ మాత్రం, పోస్టుల లెక్కలో, "ఏదైనా డిగ్రీ" కిందికే వస్తుంది. లెక్చరర్ ఉద్యోగాలు, నెట్ తప్ప దాని పేరు మీద విడిగా తెరుచుకునే తలుపులు తక్కువ.

బీప్లాన్ వాళ్ళు చూడాల్సినవి టౌన్ ప్లానింగ్ విభాగం పోస్టులు, సీఆర్‌డీఏ (రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ), పట్టణాభివృద్ధి సంస్థలు. 2019లో వార్డు సచివాలయాలతో పాటు వార్డు ప్లానింగ్ అండ్ రెగ్యులేషన్ సెక్రటరీ పోస్టు వచ్చింది. దానికి సివిల్ డిప్లొమా వాళ్ళూ పోటీలో ఉంటారు. ప్లానర్ పైచేయి సాధించేది రూల్స్ దగ్గరే. 2017 నాటి బిల్డింగ్ రూల్స్, అంటే జీఓ 119, తర్వాత వచ్చిన సవరణలతో కలిపి చదవాలి. పాత పీడీఎఫ్ ఒక్కటే చదివి పరీక్షకి వెళ్తే మారిన అంకెల దగ్గర మార్కులు పోతాయి.

ఉద్యోగంలో పని ఎలా ఉంటుందో చెప్తాను. టేపు పట్టుకుని ముందు సెట్‌బ్యాక్ (కట్టడం చుట్టూ వదలాల్సిన ఖాళీ జాగా) కొలిచి, మంజూరైన ప్లానులో ఉన్న అంకెతో సరిచూడాలి. బయటి మెట్లు సెట్‌బ్యాక్‌లోకి దిగాయా, స్టిల్ట్ పార్కింగ్‌లో (స్తంభాల మీద భవనం లేపి కింద బళ్ళకి వదిలిన చోట) గోడ కట్టి గది చేశారా అని చూడాలి. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే తప్పు ఒకటుంది. మాస్టర్‌ప్లాన్‌లో రోడ్డు వెడల్పు ప్రతిపాదన ఉంటే, విస్తరణకు వదిలిన గీత దగ్గర్నుంచి కొలవాలి. ఇప్పుడున్న రోడ్డు అంచు నుంచి కొలిస్తే సెట్‌బ్యాక్ లేకపోయినా ఉన్నట్టే కనబడుతుంది.

అరండల్‌పేట:
ఏపీపీఎస్సీ విషయంలో రెండు జాగ్రత్తలు. ఓటీపీఆర్ (ఒక్కసారి చేసుకునే ప్రొఫైల్ రిజిస్ట్రేషన్) వివరాలు టెన్త్ మెమోలో ఉన్నట్టే ఉండాలి. అర్హతను నోటిఫికేషన్ తేదీ నాటికి చూస్తారు కాబట్టి, చివరి సెమిస్టర్ ఫలితం ఆ తర్వాత వస్తే పరీక్ష బాగా రాసినా సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతుంది. డిగ్రీ పేరు నోటిఫికేషన్‌లో ఒకలా, పట్టాలో ఇంకోలా ఉంటే (బీప్లాన్ అని ఒకచోట, బీటెక్ ప్లానింగ్ అని ఒకచోట) సమాన అర్హత పత్రం కోసం యూనివర్సిటీకి ముందే అర్జీ పెట్టండి. పరిశీలన పిలుపు వచ్చాక పరుగెత్తితే చేతికి రాదు.

కొత్తపేట గుంటూరు:
పబ్లిక్ అడ్మినిస్ట్రేషన్ గురించి కాలువగట్టు గారు చెప్పింది నిజమే, అయితే సగమే. గ్రూప్-2లో మున్సిపల్ కమిషనర్ గ్రేడ్-3 పోస్టు ఉంటుంది. సివిల్స్‌లో ఈ సబ్జెక్టు ఆప్షనల్‌గా 500 మార్కులు. రెండో పేపర్లో పట్టణ స్థానిక పాలన ఒక అధ్యాయం. 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1 నుంచి అమల్లో ఉందనీ, 12వ షెడ్యూల్లో మున్సిపాలిటీలకు అప్పగించదగ్గ 18 అంశాలున్నాయనీ అందరూ రాస్తారు. వాటిలో మన కార్పొరేషన్ల చేతిలో నిజంగా ఎన్ని ఉన్నాయో రాసినవాళ్ళ జవాబే నిలబడుతుంది.

ఇంకో మాట మనసు పెట్టి వినండి. మున్సిపల్ బడ్జెట్ చదవడం నేర్చుకోండి. ఆస్తిపన్ను 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో మూలధన విలువ (ఆస్తి విలువ) మీదకు మారింది. డిమాండ్ (రావాల్సిన పన్ను) ఎంత, వసూలు ఎంత, పాత బకాయి ఎంత, ఈ మూడూ విడదీసి చూపగలిగితే పట్టణ పథకాల పర్యవేక్షణ యూనిట్లలో, కన్సల్టెన్సీల్లో పనికొచ్చే మనిషి అవుతారు. థియరీ ఒక్కటే పట్టుకుంటే కారు.

బ్రాడీపేట 4/14:
చాలా థ్యాంక్సండీ. జీఐఎస్ (కంప్యూటర్లో మ్యాపులు చేసి విశ్లేషించే పని) నేర్చుకోమంటున్నారు. కోర్సు కొనాలా?

పటమట లాకులు:
అక్కర్లేదమ్మా. క్యూజీఐఎస్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక పని పూర్తిగా చేసి చూపిస్తే చాలు. మీ డివిజన్ తీసుకో, కాలువకి రెండువైపులా 9 మీటర్ల బఫర్ (అంత దూరం వరకు ఉండే పట్టీ) గీసి, అందులోకి వచ్చే కట్టడాలు లెక్కపెట్టు. 2024 సెప్టెంబరులో బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచాక, ఇలాంటి మ్యాపు ఇంటర్వ్యూలో ఎందుకు చేశావని ఎవరూ అడగరు.

తప్పేది ఎక్కడంటే, లేయరు (మ్యాపులో కాలువలాంటి ఒక్కో రకం సమాచారం ఉన్న పొర) అక్షాంశ రేఖాంశాల్లోనే ఉంటుంది. బఫర్ 9 అని కొడితే 9 డిగ్రీలు తీసుకుని రాష్ట్రాన్నే దాటిపోతుంది. లేయర్ని ముందు మీటర్లలో కొలిచే యూటీఎం 44 ఉత్తర జోన్‌లోకి (సాఫ్ట్‌వేర్లో దాని కోడు ఈపీఎస్‌జీ 32644) మార్చి సేవ్ చెయ్యి. ప్రాజెక్టు సీఆర్‌ఎస్ (కొలతల పద్ధతి) ఒక్కటే మారిస్తే చాలదు, అది చూపించే తీరును మాత్రమే మారుస్తుంది. లేయరు ఫైలు అలాగే ఉంటుంది.

కాలువగట్టు:
ప్రైవేటు కన్సల్టెన్సీల్లో చేరేవాళ్ళకి. అక్కడ టెండర్ల కోసం మీ సీవీకి మార్కులు వేస్తారు. "అర్బన్ ప్లానర్, ఇన్నేళ్ళ అనుభవం" అని టెండర్ పత్రంలో ఉంటుంది, చాలాసార్లు ఆ ఏళ్ళని పీజీ తర్వాతే లెక్కిస్తారు. అందుకే ఎంప్లాన్ (ప్లానింగ్‌లో పీజీ) వాయిదా వేసే ముందు ఆలోచించండి. దానికి గేట్‌లో ఆర్కిటెక్చర్ అండ్ ప్లానింగ్ పేపర్ రాయాలి.

ఉద్యోగం మారేటప్పుడు అనుభవ పత్రంలో క్లయింటు పేరు, ప్రాజెక్టు, మీ హోదా, ఏ నెల నుంచి ఏ నెల వరకు అనేవి నాలుగూ రాయించుకోండి. "మా సంస్థలో పనిచేశారు" అన్న ఒక్క వాక్యంతో ఇస్తే టెండర్లో సున్నా. "ట్రైనీ" అని రాసినా ఆ కాలం పోయినట్టే.

అరండల్‌పేట:
నెలలు ఒకదాని మీద ఒకటి పడకుండా కూడా చూసుకోండి. ఒకే నెలలో రెండు ప్రాజెక్టుల్లో పూర్తికాలం ఉన్నట్టు కనబడితే ఆ రెండూ కొట్టేస్తారు.