అంబాసిడర్ మానిఫోల్డ్ స్టడ్ త్రెడ్ పోయింది: హెడ్ దింపకుండా బాగుచేయవచ్చునా?

జయపురం నుంచి, ప్రశ్న:

అందరికీ నమస్కారం. మాది కొరాపుట్ జిల్లా జయపురం. మా నాన్నగారు 1978లో కొన్న మార్క్ 3 అంబాసిడర్ ఇప్పటికీ మా ఇంట్లో నడుస్తున్నది. ఇంజను మొదటి నుంచి ఉన్నదే, 1489 సీసీ పెట్రోలు. రెండు నెలల క్రితం సాలూరు నుంచి వస్తూ సుంకి ఘాటీ ఎక్కుతుండగా బానెట్ కింద టక్కుటక్కుమనే శబ్దం మొదలైంది. ట్యాపెట్ల శబ్దమని భావించి క్లియరెన్సు సరిచేయించాను గాని తగ్గలేదు. ఇంజను చల్లగా ఉన్నప్పుడు శబ్దం ఎక్కువగాను, వేడెక్కిన తరువాత కొంత తక్కువగాను ఉండడం, పైగా స్లోలో ఇంజను నిలకడగా తిరగకపోవడం చూసిన మీదట లోపం మానిఫోల్డ్ దగ్గర ఉన్నదని తేలింది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ మానిఫోల్డులు (ఇంజనులోకి పెట్రోలు గాలిని తెచ్చే గొట్టాలు, పొగను బయటికి పంపే గొట్టాలు) రెంటినీ ఒకే మందపాటి వాషరుతో నొక్కిపట్టే మధ్య స్టడ్ (రెండు కొనలా త్రెడ్లున్న, తల లేని బోల్టు) ఒకటి వదులైపోయింది.

ఇక్కడి ఒక షెడ్డులో మిస్త్రీ ఆ స్టడ్ తీసివేసి తన డబ్బాలోని మరొక స్టడ్ వేశాడు. అది మొదటి రెండు చుట్లు చేతితోనే వెళ్లింది, ఆ తరువాత పానా వేసి బలంగా తిప్పవలసి వచ్చింది. నట్ చివరి బిగింపు వేసేసరికి స్టడ్ రంధ్రంలో నుంచి ఊడి చేతికి వచ్చింది, త్రెడ్ల సందుల్లో నల్లని బీడు (పోత ఇనుము) పొడి నిండి ఉన్నది. ఇప్పుడు అతను రంధ్రాన్ని వెల్డింగుతో పూడ్చి కొత్తగా త్రెడ్ వేయాలని, లేదా హెడ్డే (ఇంజను సిలిండర్ల మీది మూత) మార్చాలని అంటున్నాడు. హెడ్ దింపకుండా, ఉన్నచోటనే చేయగలిగిన పద్ధతి ఏదైనా ఉన్నదా?

బరంపురం నుంచి, లేతు పని చేసేవారు:

అయ్యా, వెల్డింగు మాత్రం చేయించకండి. మీ హెడ్ బీడు. బీడు మీద మామూలు రాడ్డుతో వెల్డింగు చేస్తే కరిగి చల్లారిన అంచు గాజులాగా గట్టిపడి, ట్యాపు (త్రెడ్ కోసే పనిముట్టు) కోయదు, డ్రిల్లు దిగదు, ఒక్కొక్కసారి పక్కనే పగులు కూడా వస్తుంది. సరిగా చేయాలంటే హెడ్ దింపి, మొత్తం వేడిచేసి, నికెల్ రాడ్డుతో పోసి, బూడిదలోనో ఇసుకలోనో మెల్లగా చల్లార్చాలి. ఒక స్టడ్ కోసం అంత పని అక్కరలేదు.

నేనైతే రంధ్రాన్ని 3/8 అంగుళానికి పెంచి త్రెడ్ వేసి, లోపలి సగం 3/8గాను, బయటి సగం పాత సైజుగాను ఉండే మెట్టు స్టడ్ లేతు మీద తీసి ఇస్తాను. నట్, వాషరు, మానిఫోల్డు ఏవీ మార్చనవసరం లేదు.

సునాబేడ నుంచి, విశ్రాంత ఫిట్టరు:

బాబూ, డ్రిల్లు పట్టుకొనే ముందు ఒక విషయం తేల్చుకోవాలి. మిస్త్రీ వేసిన ఆ రెండో స్టడ్ ఏ త్రెడ్డుది? రెండు చుట్లు తేలికగా వెళ్లి ఆ తరువాత బిగుసుకొన్నదని మీరు వ్రాసిన మాటను బట్టి నా అనుమానం ఇది: అది 8 మిల్లీమీటర్ల మెట్రిక్ స్టడ్. మీ ఇంజను ఇంగ్లండు వారి బీఎంసీ బి సిరీస్ నమూనా కాబట్టి దాని కొలతలన్నీ అంగుళాలలో ఉంటాయి. 5/16 అంగుళం అంటే 7.94 మిల్లీమీటర్లు, కంటికి 8 మిల్లీమీటర్ల స్టడ్డుకూ దానికీ తేడా తెలియదు. తేడా అంతా త్రెడ్ల మధ్య దూరంలో ఉన్నది. 5/16 ముతక త్రెడ్డులో అంగుళానికి 18 చుట్లు, అంటే ఒక చుట్టుకు 1.41 మిల్లీమీటర్లు, 8 మిల్లీమీటర్ల మామూలు మెట్రిక్ త్రెడ్డులో ఒక చుట్టుకు 1.25. మొదటి చుట్లలో ఈ తేడా సందులో సర్దుకుపోతుంది, మూడో చుట్టు నుంచి ఉక్కు స్టడ్డు బీడు త్రెడ్లను కోసుకుంటూ పోతుంది. మీరు చూసిన నల్లపొడి అదే. 1990ల మొదట్లో అంబాసిడర్‌కు ఇసుజు ఇంజను వచ్చిన తరువాత అదే బండికి రెండు రకాల కొలతలు తిరగడం మొదలైంది, ఇసుజు మెట్రిక్ కాబట్టి. షెడ్డు డబ్బాలో రెండూ కలిసిపోయి ఉంటాయి. మిస్త్రీని తప్పుపట్టడం కంటే ఒక త్రెడ్ గేజీ (త్రెడ్ల మధ్య దూరం కొలిచే పళ్ల రేకులు) కొనుక్కోవడం మేలు.

కాబట్టి ముందుగా, పక్కనే బాగున్న స్టడ్ ఒకటి తీసి, రెండు కొనల మీదా గేజీ ఆనించి చూడండి. ఇటువంటి స్టడ్లకు హెడ్డులోకి పోయే కొన ముతకగాను, నట్ పట్టే కొన సన్నగాను ఉండడం మామూలు. కాని నలభై ఏళ్లు దాటిన బండిలో ఎవరు ఏమి మార్చారో చెప్పలేము గనుక ఊహతో కొనవద్దు. రెండవది, చెడిన రంధ్రంలో ఒక సన్నని తీగ పెట్టి లోతు కొలవండి. పాత స్టడ్ ఎంత లోతుకు వెళ్లేదో దాని మీది తుప్పు గీతే చెబుతుంది. రంధ్రం అడుగున స్టడ్ చేరని మంచి త్రెడ్లు మిగిలి ఉంటే, కొంచెం పొడుగు స్టడ్ ఒకటి చాలు, డ్రిల్లింగే అక్కరలేదు. బీడులో త్రెడ్ పట్టు స్టడ్ వ్యాసానికి ఒకటిన్నర రెట్లు ఉండాలి, అంటే మీకు దాదాపు 12 మిల్లీమీటర్లు. అందులో సగం కూడా దొరకకపోతే పొడుగు స్టడ్ ఆలోచన మానుకోండి.

రాయగడ నుంచి:

నా స్కూటర్ సైలెన్సరు దగ్గర ఇటువంటి స్టడ్డే ఊడితే, రెండు ముద్దలు కలిపి వాడే ఎపాక్సీ పూసి నిలబెట్టాను. ఆరు నెలలు పనిచేసింది. ఇక్కడ అది చాలదా?

సునాబేడ నుంచి, విశ్రాంత ఫిట్టరు:

ఆరు నెలలు అని మీరే వ్రాశారు. ఎగ్జాస్ట్ పక్కన ఎపాక్సీ గాని, స్టడ్లు కదలకుండా పూసే లాక్ ద్రవం గాని నిలవవు. ఆ ద్రవాలలో ఎక్కువ రకాలు 150 డిగ్రీల దగ్గరే పట్టు వదులుతాయి. ఎర్రగా కాలే మానిఫోల్డు పక్కన త్రెడ్డుకు త్రెడ్డే పట్టు. పైగా తరువాత వచ్చినవాడు ఆ గట్టిపడిన ముద్దను తవ్వుకోవాలి.

జయపురం నుంచి, కొలతలు:

గురువుగారూ, మీ అనుమానమే నిజమైంది. పక్క స్టడ్ లోపలి కొన మీద 18 గేజీ, బయటి కొన మీద 24 గేజీ చక్కగా కూర్చున్నాయి. మిస్త్రీ స్టడ్ మీద ఆ రెండూ కూర్చోలేదు, 1.25 మెట్రిక్ గేజీ కూర్చున్నది. చెడిన రంధ్రం లోతు 17 మిల్లీమీటర్లు, పాత స్టడ్ అందులో 14 వరకు వెళ్లేది. అడుగున మిగిలిన 3 మిల్లీమీటర్లతో పని జరగదు. ఇక మెట్టు స్టడ్ మంచిదా, లేక తీగచుట్ట ఇన్సర్ట్ (పెంచిన రంధ్రంలోకి తిప్పితే లోపల పాత సైజు త్రెడ్ ఇచ్చే స్టీలు తీగచుట్ట) మంచిదా? ఇన్సర్ట్ వేస్తే హెడ్డులో తక్కువ లోహం పోతుందని ఎక్కడో విన్నాను.

సునాబేడ నుంచి, విశ్రాంత ఫిట్టరు:

విన్నది సరి కాదు. నేను ఇక్కడి ఎచ్.ఏ.ఎల్. విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసిన రోజుల్లో వందలకొద్దీ ఇన్సర్ట్లు వేశాను కాబట్టి వాటి మీద నాకు అభిమానమే ఉన్నది, అయినా లెక్క లెక్కే. 5/16 ముతక ఇన్సర్ట్ వేయడానికి 8.3 మిల్లీమీటర్ల డ్రిల్లు వేసి, దానికంటూ ఉన్న ప్రత్యేక ట్యాపు తిప్పాలి. ఆ ట్యాపు బయటి వ్యాసం దాదాపు 9.8 మిల్లీమీటర్లు. 3/8 ముతక త్రెడ్డుకు 7.9 మిల్లీమీటర్ల డ్రిల్లు, ట్యాపు బయటి వ్యాసం 9.5. అంటే మెట్టు స్టడ్డే కొంచెం తక్కువ లోహం తింటుంది. ఇన్సర్ట్ గొప్పతనం వేరు: అల్యూమినియం వంటి మెత్తని లోహంలో స్టడ్లు మాటిమాటికీ తీసి వేసినా ఆ స్టీలు తీగ త్రెడ్డును కాపాడుతుంది. బీడులో, ఏళ్లకొకసారి తీసే స్టడ్డుకు ఆ అవసరం తక్కువ. ప్రత్యేక ట్యాపు దొరకడం కష్టం, 3/8 ట్యాపు సులువు. బరంపురం వారు చెప్పినదే నా ఓటు.

బరంపురం నుంచి, లేతు పని చేసేవారు:

సంతోషం. నా దగ్గరికి ప్రీమియర్ పద్మిని వస్తే మాత్రం నేను కూడా ఇన్సర్టే వేస్తాను, దాని హెడ్ అల్యూమినియం.

ఇప్పుడు అసలు కష్టం డ్రిల్లు నిటారుగా దించడం. బండి మీద, చేతి డ్రిల్లుతో, ఒంగి నిలబడి చేసే పనిలో రెండు డిగ్రీల వాలు రావడం తేలిక. స్టడ్ వాలిందంటే ఆ మందపాటి వాషరు ఒక అంచు మీదనే కూర్చుంటుంది, మీరు మళ్లీ మొదటికి వస్తారు. అందుకు ఇలా చేయండి. పాత మానిఫోల్డ్ ప్యాకింగును పారవేయకుండా, దానినే నమూనాగా పెట్టి, 10 మిల్లీమీటర్ల మందం ఇనుప పట్టీ మీద మూడు రంధ్రాల స్థానాలు గుర్తించండి. అటూ ఇటూ ఉన్న బాగున్న స్టడ్లు రెండు రంధ్రాలలోకి బిగుతుగా వెళ్లాలి. మధ్య రంధ్రంలో 7.9 మిల్లీమీటర్ల డ్రిల్లు సరిగ్గా జారే బుష్ (చిన్న గొట్టం) లేతు మీద తీసి కొట్టించండి. పట్టీని నట్లతో హెడ్డుకు బిగిస్తే డ్రిల్లు ఎటూ పోలేదు. డ్రిల్లు మీద 17 మిల్లీమీటర్లకు పట్టీ మందం, పట్టీ పైకి పొడుచుకు వచ్చిన బుష్ పొడుగు కలిపిన లెక్కన టేపు చుట్టండి. ఆ గుర్తు దాటి ఒక్క మిల్లీమీటరు కూడా పోవద్దు, వెనక నీళ్లు తిరిగే గది ఉన్నది.

బీడుకు ట్యాపు వేసేటప్పుడు నూనె పోయవద్దు. ఆ పొడి నూనెతో కలిసి బంకలాగా మారి ట్యాపును పట్టేస్తుంది. పొడిగానే వేయవచ్చు, లేదా ఒకటి రెండు చుక్కల కిరోసిన్. అర చుట్టు ముందుకు, పావు చుట్టు వెనక్కి తిప్పుతూ, మూడు నాలుగు చుట్లకొకసారి బయటికి తీసి ఊడ్చండి. అడుగు మూసిన రంధ్రం కాబట్టి మొదట కొన సన్నబడిన (వాలు) ట్యాపు, చివర అడుగు వరకు కోసే ట్యాపు కావాలి. ట్యాపు లోపల విరిగిందంటే దానిని ఏ డ్రిల్లూ తినదు, అప్పుడు నిజంగానే హెడ్ దింపవలసి వస్తుంది. పోర్టుల నోళ్లలో గ్రీజు పూసిన గుడ్డలు కుక్కి, ఎన్ని గుడ్డలు కుక్కారో లెక్క వ్రాసి పెట్టుకోండి. నవ్వకండి, ఒక గుడ్డ లోపలే మరచిపోయి బండి స్టార్టు చేసినవారిని నేను చూశాను.

సునాబేడ నుంచి, విశ్రాంత ఫిట్టరు:

ఇంకొక మాట. స్టడ్ అసలు ఎందుకు వదులైందో చూడకుండా బిగిస్తే కొత్తది కూడా వదులవుతుంది. ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ అంచుల మందం సమానంగా ఉండాలి. ఎగ్జాస్ట్ అంచు అర మిల్లీమీటరు పలచబడినా వాషరు ఇన్‌టేక్ మీదనే బరువు వేసి, ఎగ్జాస్ట్ అంచును వదిలేస్తుంది. రెండింటినీ కాలిపర్‌తో కొలవండి, తేడా ఉంటే మందపు అంచును తగ్గించండి, లేదా ఆ పక్కకు మెట్టు తీసిన వాషరు చేయించండి. స్టీలు పట్టీ, ఫీలర్ గేజీ (సందు కొలిచే పలచని రేకులు) పెట్టి మానిఫోల్డుల ముఖాలు వంకర పోయాయేమో కూడా చూడండి. తరువాత కారు కిందకు వెళ్లి సైలెన్సరు పైపు బ్రాకెట్ చూడండి. అది విరిగి ఉంటే పైపు బరువంతా, ఘాటీ గతుకులతో సహా, మానిఫోల్డు స్టడ్లే మోస్తున్నాయన్నమాట.

కొత్త స్టడ్డును చేతితో అడుగు వరకు తిప్పి, పావు చుట్టు వెనక్కి తీసి వదలండి, బిగించవద్దు. నట్లు ఇత్తడివి వేయండి, వేడికి స్టడ్డుతో అతుక్కుపోవు. 15 పౌండ్-అడుగులు, అంటే దాదాపు 2.1 కిలోగ్రామ్-మీటర్లు దాటవద్దు. నడిపి చల్లారిన తరువాత మళ్లీ ఒకసారి చూసుకోవాలి.

జయపురం నుంచి, పని అయిన తరువాత:

పెద్దలిద్దరికీ నమస్కారాలు. బరంపురంలో మెట్టు స్టడ్డు, బుష్ కొట్టిన పట్టీ చేయించి తెచ్చుకొని, నిన్న ఇంటి ముందే పని ముగించాను. డ్రిల్లు పదిహేను నిమిషాలలో దిగింది, ట్యాపుకు మాత్రం పూట పట్టింది. స్టడ్ నిటారుగా వచ్చింది. గుడ్డలు అయిదు కుక్కాను, అయిదూ తీశాను.

అంచుల మందం కొలిస్తే ఎగ్జాస్ట్ వైపు 0.6 మిల్లీమీటర్లు తక్కువ ఉన్నది, అందుకు ఆ ఒక్క వాషరును మెట్టు తీయించి వేశాను. చల్లని ఇంజనులో టక్కుటక్కు పూర్తిగా పోయింది, స్లో కూడా నిలకడగా ఉన్నది. సైలెన్సరు బ్రాకెట్ మాత్రం గురువుగారు అన్నట్లే ఒక పక్క విరిగి, ఎవరో కట్టిన ఇనుప తీగతో వేలాడుతున్నది. అది కొత్తది చేయించేవరకు బండిని ఘాటీ దించను. ఎల్లుండి చల్లని ఇంజను మీద నట్లు మళ్లీ బిగించి చూస్తాను.