సమస్య: కంటి నొప్పి నాడు గద్దె నెక్కె

పృచ్ఛకుడు: ఆటవెలది నాలుగో పాదం. నాయకుల కళ్ల ఆపరేషన్ల జోలికి పోకండి, ఇది హవాయి కథ. 1838లో హోనొలులులో దొరల ఇంట ఆడపిల్ల పుట్టింది. మూడో కమెహమెహ రాజుకు సాటిగా పాలన చూస్తున్న అతని సవతి అక్క కీనౌకు అప్పుడు కళ్లు విపరీతంగా మండుతున్నాయి. పిల్లకు పేరు పెట్టింది ఆవిడే. లిలియు, లోలోకు, వలనియా, కమకఎహా. అంటే చుర్రుమనడం, కన్నీరు, మంట, నొప్పి కళ్లు! ఆ పిల్లే తర్వాత లిలియువోకలాని మహారాణి.

పాలపిట్ట:
రాజునక్క కనుల రగిలిన బాధయే
పేరుగాను పాప పెరిగె నచట;
అన్న వెనుక తానె యా హవాయికి రాణి,
కంటి నొప్పి నాడు గద్దె నెక్కె.

గట్టుమీది గురువు: ధార బాగుంది. ‘రాజునక్క’ దగ్గర మాత్రం నక్క తొంగి చూస్తోందమ్మా!

పాలపిట్ట: షష్ఠీ సమాసంలో నుగాగమం కదా మాస్టారూ, ‘రాజునాజ్ఞ’ లాగా.

గట్టుమీది గురువు: వ్యాకరణం ఒప్పుకుంది, చెవి ఒప్పుకోవద్దూ? ‘నచట’ కూడా పాదం నింపడానికి వచ్చిందే.

పృచ్ఛకుడు: ‘అన్న వెనుక’ నాకు నచ్చింది. అన్న కలాకావా 1891లో పోయాకే ఆమె రాణి అయింది.

చినుకు:
పేరులోన నుండె పెనుశోక చిహ్నమ్ము;
చెఱకు దొరల వలనఁ జేటు వచ్చె;
లిలియు మకుట మూడె నెందుకో తెలిసెనా?
కంటి నొప్పి నాడు గద్దె నెక్కె!

గట్టుమీది గురువు: మూడో పాదంలో యతి తప్పింది. ‘లిలియు’ బదులు ‘ఇంతి’ అనండి, ‘ఎందుకో’తో కుదురుతుంది. రెండో పాదం మాత్రం భేష్.

పృచ్ఛకుడు: యతి సరే, భావంతోనే నాకు పేచీ. 1893లో ఆమెను దించింది పంచదార వ్యాపారులు, వాళ్లకు దన్నుగా ఓడ దిగిన అమెరికా సైనికులు. తప్పు పేరు మీదికి నెడితే వాళ్లు బతికిపోతారు. పుట్టినప్పుడు జరిగిన సంగతిని పేరులో దాచుకోవడం అక్కడి ఆచారం. అది శకునం కాదు, జ్ఞాపకం.

చినుకు: పేరుకు బలం ఉందని హవాయి వాళ్లూ నమ్మేవారు కదండీ?

పృచ్ఛకుడు: నమ్మేవారు. కలలో వచ్చిన పేరును ‘ఇనోవా పో’ అంటారు, అది పెట్టకపోతే పిల్లకు కీడని భయం. ఈ పేరు అలా వచ్చింది కాదు.

పాలపిట్ట: మన పెంటయ్య లాంటిదా?

పృచ్ఛకుడు: కాదండీ. పెంటయ్య అనేది దిష్టి తగలకుండా, పిల్లాడు దక్కాలని పెట్టే పేరు. ఇక్కడ పెద్దావిడ బాధను పిల్ల మోసింది, అదీ గౌరవంగానే.

చినుకు: మరి రాణికి ఉన్న లిడియా అన్న పేరు?

పృచ్ఛకుడు: జ్ఞానస్నానం పేరు. ఆ తర్వాత 1860లో నాలుగో కమెహమెహ ఏకంగా చట్టమే తెచ్చాడు, పిల్లలకు క్రైస్తవ పేరు ఉండి తీరాలని. దాన్ని 1967లో గానీ ఎత్తేయలేదు. దీని మీద ఒక పూరణ రాయండి, ఈసారి యతి చూసుకుని.