తాతగారి 78 ఆర్‌పీఎం ప్లేట్లకి గ్రామఫోన్ కావాలి, హైదరాబాద్ పాత సామాన్ల బజార్లలో ఏం చూసి కొనాలి?

కొల్లేటి గాలి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది ఏలూరు. ఈమధ్య పాత ఇంటి అటక ఖాళీ చేస్తుంటే మా తాతగారి గ్రామఫోన్ ప్లేట్లు (నిమిషానికి 78 చుట్లు తిరిగేవి) రెండు చెక్క పెట్టెల నిండా దొరికాయి. ఎక్కువ భాగం పౌరాణిక నాటక పద్యాలు, కొన్ని హరికథలు, ఘంటసాల గారి పద్యాలు. లేబుళ్ల మీద హెచ్‌ఎంవీ, కొలంబియా, ఓడియన్, ట్విన్ అని ఉన్నాయి. మెషీన్ మాత్రం లేదు. నాన్నగారి చిన్నప్పుడే ఎవరికో ఇచ్చేశారట.

నాన్నగారికి మళ్లీ అవి వినాలని ఉంది. వచ్చే నెల పని మీద హైదరాబాద్ వస్తున్నాను, నాలుగైదు రోజులు ఉంటాను. జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ, చార్మినార్ దగ్గర మహబూబ్ చౌక్ అని తలా ఒకటి చెబుతున్నారు. ఎక్కడికి, ఎప్పుడు వెళ్లాలి? ఆన్‌లైన్‌లో పెద్ద ఇత్తడి బాకా, ఎనిమిది పలకల చెక్క పెట్టె, దాని మీద కుక్క బొమ్మతో చాలా కనిపిస్తున్నాయి. ‘వందేళ్ల నాటి ఒరిజినల్’ అని రాస్తున్నారు. కొనచ్చా?

ఇంకో రెండు సంగతులు. ప్లేట్లు బాగా దుమ్ము పట్టాయి, సర్జికల్ స్పిరిట్‌తో తుడవచ్చా? మా మేనత్త ఇత్తడి మరచెంబు ఒకటి తెమ్మంది. అది కూడా అక్కడే దొరుకుతుందా?

మూసాపేట రికార్డులు:

కొల్లేటి గారూ, ముందు మీ స్పిరిట్ సంగతి. దయచేసి ప్లేట్లకి తాకనివ్వకండి. ఆ ప్లేట్లు లక్కతో చేసినవి. లక్క స్పిరిట్‌లో కరుగుతుంది. ఒక్కసారి తుడిస్తే పాట ఉన్న గాడి పాడవుతుంది, మళ్లీ రాదు. డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క గిన్నెలు కడిగే లిక్విడ్ వేసి, మెత్తటి బట్టతో గాడి వెంబడే గుండ్రంగా తుడవండి, అడ్డంగా రుద్దద్దు. లేబుల్ తడవకూడదు. మంచి నీళ్లతో ఇంకోసారి తుడిచి నీడన ఆరనివ్వండి. తర్వాత పుస్తకాల్లా నిలబెట్టి పెట్టండి. ఒకదాని మీద ఒకటి పేరిస్తే కింద ఉన్నవి పగులుతాయి.

ఇక ఆ ఇత్తడి బాకాల గురించి. కొనకండి. అలాంటివి ఈమధ్య కాలంలో షోకేస్ కోసం తయారైనవి. లోపలి మోటారు ఏదో పాత పోర్టబుల్‌లోంచి తీసిందై ఉంటుంది, పెట్టె కొత్తది, బాకా పల్చటి రేకు, కుక్క బొమ్మ కొత్త స్టిక్కర్. అలంకారానికి కొనుక్కుంటే అది వాళ్ల ఇష్టం. కానీ ముల్లు పట్టుకునే చెయ్యి సరైన కోణంలో ఉండదు కాబట్టి మీ తాతగారి ప్లేట్లని అది గీకి పారేస్తుంది. నాకు బాధ కలిగేది అక్కడే. ఒక నాటక పద్యం ప్లేటు పాడైతే ఇంకోటి ఎక్కడ దొరుకుతుంది? వాటిలో చాలా వాటికి మళ్లీ క్యాసెట్ కూడా రాలేదు.

మీరు వెతకాల్సింది సూట్‌కేస్‌లా మూసుకునే పోర్టబుల్. హెచ్‌ఎంవీ 102 అనే మోడల్ 1931లో వచ్చింది, 1950ల చివరిదాకా అమ్మారు. మన దగ్గర ఇప్పటికీ కనిపిస్తుంది. బాకా లోపలే దాగి ఉంటుంది కాబట్టి చూపుకి ఆనదు, గొంతు మాత్రం స్పష్టంగా పలుకుతుంది. పద్యం రాగం తీసేటప్పుడు దానిలో విన్నవాళ్లకి తెలుస్తుంది.

బజారుకి వెళ్లేటప్పుడు మీ ప్లేట్లలో ఒకటి వెంట తీసుకెళ్లండి. మంచిది వద్దు, అంచు కాస్త విరిగిందైనా ఫర్వాలేదు. కొత్త స్టీలు ముళ్ల డబ్బా ఒకటి ముందే ఆన్‌లైన్‌లో కొనుక్కోండి. అమ్మేవాళ్లు పెట్టే ముల్లు ఎన్నాళ్ల నాటిదో తెలీదు. దుకాణంలో చెప్పే మాటలన్నీ పక్కన పెట్టి, మీ ప్లేటు, మీ ముల్లుతో ఒక వైపు మొత్తం వినండి. మూడు నిమిషాల పని. అలా వినిపించడానికి ఒప్పుకోనివాళ్ల దగ్గర నేనైతే కొనను.

కీ ఇచ్చేటప్పుడు చేతికి క్రమంగా బిగుతు తెలియాలి. ఎంత తిప్పినా బిగుసుకోకపోతే స్ప్రింగు తెగినట్టే. మధ్యలో దబ్ దబ్ మని అదిరితే లోపల గ్రీజు గడ్డ కట్టింది, విప్పి కడిగితే పోతుంది, దాన్ని చూపించి ధర తగ్గించమనచ్చు. పాట చివరికి వచ్చేసరికి గొంతు సాగిపోతే మోటారు అలిసిపోయినట్టు. ప్లేటు కింద చిన్న కాగితం ముక్క బయటకి కనబడేలా పెట్టి, ఫోన్‌లో నిమిషం చూస్తూ లెక్కపెట్టండి, 78 చుట్లు తిరగాలి. పక్కన వేగం సరిచేసే చిన్న మీట ఉంటుంది. గట్టిగా పాడే చోట గరగర వస్తే సౌండ్‌బాక్స్‌లో (ముల్లు బిగించే గుండ్రటి భాగం, శబ్దం పుట్టేది అక్కడే) రబ్బరు ఎండిపోయింది, అది మార్చుకోవచ్చు. సౌండ్‌బాక్స్ లోహమే చిట్లిపోయి ఉంటే మాత్రం వదిలేయండి.

ముల్లు ఒక వైపుకి ఒకటి. తిప్పి రెండో వైపు పెడితే కొత్త ముల్లు. ప్లేటులో లక్కతో పాటు రాతి పొడి కలిపి ఉంటుంది, అది ముల్లుని అరగదీసి గాడికి సరిపోయేలా చేస్తుంది. అరిగిన ముల్లుని మళ్లీ వాడితే ఈసారి అరిగేది గాడి. ముళ్లు చవక, పిసినారితనం వద్దు.

బజార్ల విషయం: జుమ్మేరాత్ బజార్ పురానాపూల్ దగ్గర, గురువారం. తెల్లారకముందే మొదలవుతుంది, టార్చి పట్టుకెళ్లాలి. ఎర్రగడ్డ ఆదివారం సంత. రెండు చోట్లా పనిముట్లు, ఫ్యాన్లు, రేడియోలు, బట్టలు, చెప్పులు అన్నీ కలిసి ఉంటాయి. గ్రామఫోన్ ఆ రోజు వస్తుందో రాదో ఎవరూ చెప్పలేరు. మీకున్నది నాలుగైదు రోజులే కాబట్టి మహబూబ్ చౌక్‌తో మొదలుపెట్టండి. 1892లో కట్టిన గడియారం స్తంభం ఉంది కదా, దాని చుట్టుపక్కల పాత సామాన్ల దుకాణాలున్నాయి. ధర ఎక్కువ చెబుతారు. కానీ రేపు మళ్లీ వెళ్లినా అదే మనిషి అక్కడే ఉంటాడు, వినిపించమంటే వినిపిస్తాడు.

సౌండ్ ఇంజినీర్ @ విశాఖ:

మూసాపేట అన్న చెప్పినదాంట్లో ఒక్క విషయం దగ్గర నాది వేరే మాట. నాన్నగారికి కావాల్సింది పాటలు వినడమైతే గ్రామఫోన్ అవసరం లేదు. 78 స్పీడ్ ఉన్న ఎలక్ట్రిక్ టర్న్‌టేబుల్ తీసుకోండి, దానికి 78 కోసం వేరే ముల్లు దొరుకుతుంది. ఎల్పీ (78ల తర్వాత వచ్చిన వినైల్ రికార్డు) ముల్లు చాలా సన్నం, 78 గాడి వెడల్పు, దాని అడుగున దొర్లి చప్పుడు తప్ప ఏమీ రాదు. గ్రామఫోన్ సౌండ్‌బాక్స్ ప్లేటు మీద వంద గ్రాముల పైనే బరువు మోపుతుంది, టర్న్‌టేబుల్‌ది కొద్ది గ్రాములే. అరుదైన ప్లేట్లని ముందు ఇలా కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. గ్రామఫోన్ సరదా ఆ తర్వాత.

ఇంట్లో ఎల్పీలు కూడా ఉంటే వాటిని గ్రామఫోన్ మీద అస్సలు పెట్టకండి. ఒక్క దెబ్బకి పోతాయి.

మూసాపేట రికార్డులు:

విశాఖ తమ్ముడి మాట నిజమే, కాదనను. హరికథలు, పద్యాలు ముందు ఎక్కించేయండి. కానీ నాన్నగారు కీ తిప్పి, ముల్లు పెట్టి, పక్కన కూర్చుని వినడం వేరు. పెట్టెలో మామూలు సినిమా పాటల ప్లేట్లు ఏవైనా ఉంటే వాటిని గ్రామఫోన్‌కి ఉంచండి.

ఇత్తడి బిందె:

తమ్ముడూ, మరచెంబు సంగతి నేను చెబుతా. బేగంబజార్ గిన్నెల కొట్లలో అడుగు, పాతవాటికి కొత్తవి మార్చుకునే కొట్లలో అటక మీద ఉంటాయి. చాలా వరకు తూకానికే ఇస్తారు. ఆ రోజు పాత ఇత్తడి కిలో రేటు ముందే కనుక్కుని వెళ్లు. పనితనానికి ఎంత కలుపుతున్నారో అప్పుడు తెలుస్తుంది.

మూత నువ్వే తిప్పి చూడు. మర అరిగిపోతే ఎంత అందమైన చెంబైనా నీళ్లు కారుతుంది. నీళ్లు పోసి బిగించి, తలకిందులు చేసి కాసేపు పట్టుకో. అడుగున మాట్లు వేశారేమో చూడు. నల్లగా ఉన్నదే తీసుకో. యాసిడ్ పెట్టి తళతళలాడించిన వాటిలో అతుకులు కనిపించవు. ఇంటికొచ్చాక చింతపండు పెట్టి తోముకుంటే చాలు. చెంబు మీద వేరే వాళ్ల పేరు చుక్కలతో చెక్కి ఉంటుంది, అది అరగదీయించకు. ఎవరో పుట్టింటి నుంచి తెచ్చుకున్న చెంబు అది, పేరు ఉండనీ. లోపల కళాయి పోయించకుండా మాత్రం మజ్జిగ, పులుసు లాంటివి పోయద్దని అత్తయ్యకి చెప్పు.

ఇంకొక మాట, కాస్త గట్టిగానే చెబుతున్నా. పాత దేవుడి విగ్రహాలు ఎవరైనా చాటుగా చూపిస్తే అక్కడి నుంచి వచ్చేయ్. ఏ గుడిలోంచి పోయిందో ఎవరికి తెలుసు? వందేళ్లు దాటిన విగ్రహాలు 1972 పురావస్తువుల చట్టం కిందికి వస్తాయి, వ్యాపారానికి లైసెన్సు ఉండాలి, దేశం దాటించకూడదు. ఏది కొన్నా కొట్టు పేరుతో రసీదు అడుగు.

కొల్లేటి గాలి:

అందరికీ చాలా థాంక్స్. స్పిరిట్ బాటిల్ పక్కన పెట్టేశాను. సినిమా పాటల ప్లేట్లు కొన్ని ఉన్నాయి, వేరు చేస్తున్నా. మెషీన్ దొరికితే రైల్లో ఏలూరు దాకా ఎలా తేవాలో కూడా చెప్పండి అన్నా, అదొక్కటే టెన్షన్.

మూసాపేట రికార్డులు:

బయల్దేరే ముందు ప్లేటు లేకుండా మోటారు తిరగనిచ్చి, స్ప్రింగులో బిగుతు మొత్తం దిగేదాకా ఆగండి. బిగుతుతో ఉన్న స్ప్రింగు దారిలో దెబ్బ తగిలితే తెగుతుంది. సౌండ్‌బాక్స్ ఊడదీసి, బట్టలో చుట్టి చేతి సంచిలో పెట్టుకోండి. ముల్లు పట్టుకునే చెయ్యి కదలకుండా దాని చోట బిగించి, తిరిగే పళ్లేనికీ మూతకీ మధ్య తువ్వాలు మడిచి పెట్టండి. కీ దాని క్లిప్పులో ఉందో లేదో కొట్లోనే చూసుకోండి, అదొక్కటి విడిగా దొరకడం కష్టం. పై బెర్తు మీద పెట్టకండి, సీటు కింద పెట్టుకోండి. వెంట తెచ్చిన ప్లేటుని పెట్టెలో వేయకండి, రెండు అట్టల మధ్య పెట్టి విడిగా నిలబెట్టి తెచ్చుకోండి. ఏ మోడల్ దొరికినా మూత తీసి ఒక ఫోటో పెట్టండి, డబ్బు ఇచ్చే ముందే చూసి చెబుతాను.