ఏజెన్సీ కాపీలో వచ్చే విదేశీ పేర్లు తెలుగులో ఎలా రాయాలి?

రాత్రి_డ్యూటీ:
ఏజెన్సీ వార్తల్లో పేర్లన్నీ ఇంగ్లిష్ లిపిలో వస్తాయి, అదీ అక్షరాల మీదా కిందా ఉండే గుర్తులు ఊడగొట్టి. డెస్క్‌లో ఒకరు టర్కీ నేతను ఎర్డోగన్ అని, ఇంకొకరు ఎర్దోవాన్ అని రాస్తే ఒకే పేజీలో మనిషి ఇద్దరవుతాడు. ఇంగ్లిష్ పత్రికల్లా బ్రాకెట్లో ఉచ్చారణ ఇస్తే సరిపోతుందా? పేజీ వెళ్లడానికి పది నిమిషాలే ఉంటే ముందు ఏం చూడాలి?

అచ్చుతప్పు:
బ్రాకెట్టు మనకు అక్కర్లేదండి. రాత ఒకటి, పలుకు ఒకటి కాబట్టి ఇంగ్లిష్ వాళ్లకు ఆ తిప్పలు. తెలుగులో రాసిందే పలుకు, తప్పు రాస్తే పాఠకుడూ తప్పే పలుకుతాడు.

ముందు చూడాల్సింది స్పెల్లింగ్ కాదు, ఆ పేరు ఏ భాషది అని. ఇంగ్లిష్ 'జె' స్పానిష్ పేర్లలో హ, జర్మన్‌లో య, పోర్చుగీసులో జకు దగ్గర. అందుకే 'జె, ఓ, ఎస్, ఈ' అనే అవే నాలుగక్షరాలు స్పెయిన్ మనిషికి హొసే, పోర్చుగల్ మనిషికి జుజే. చైనా పేర్లలో 'ఎక్స్' ష, 'క్యూ' ఛ, 'జెడ్‌హెచ్' జ. అదే 'జెడ్‌హెచ్' తమిళ, మలయాళ పేర్లలో ళ అవుతుంది: కనిమొళి. జర్మన్‌లో 'డబ్ల్యూ' వ, 'వి' ఎక్కువగా ఫ, 'జెడ్' ట్స, కాబట్టి జర్మనీ నేత పేరు మెర్జ్ కాదు, మెర్ట్స్. తుర్కిష్‌లో 'సి' అంటే జ: ఎర్దోవాన్ మొదటి పేరు రెజెప్. ఎర్దోవాన్ పేరులోని 'జి' మీద అసలు లిపిలో చిన్న గిన్నెలాంటి గుర్తు ఉంటుంది, దాన్ని గ అని పలకరు. ఆ గుర్తు ఏజెన్సీ కాపీలో పోవడం వల్లే మనకు 'గన్' వచ్చింది.

ట, త తగాదాకు ఓ మోటు సూత్రం: ఇంగ్లిష్, జర్మన్ పేర్లకు ట, డ, రష్యన్, స్పానిష్, ఫ్రెంచి, ఇటాలియన్, తుర్కిష్ పేర్లకు త, ద. ట్రంప్, పుతిన్.

సున్నా_చుట్టు:
పలుకు సరిగ్గా తెలిసినా రాతలో చెడగొట్టేవి రెండున్నాయి.

ఒకటి సున్నా. ప, బ ముందు సున్నా మ్ అవుతుంది. 'జింపింగ్' అని రాస్తే జిమ్‌పింగ్ అనే చదువుతారు. స ముందూ అంతే, 'హింస'ను హిమ్స అంటాం కదా. కాబట్టి జిన్‌పింగ్, జాన్సన్ అని పొల్లు న్ పెట్టాలి. ఫ్రెంచి ముక్కు ధ్వనికి అరసున్నే సరైనదైనా ఇవాళ దాన్ని చదివేవాళ్లు తక్కువ. మాక్రాన్ అని న్‌తో సరిపెట్టుకోవడమే మేలు.

రెండోది, పొల్లు తర్వాత అక్షరం ఒత్తుగా మారకుండా ఆపే కనిపించని గుర్తు, యూనికోడ్‌లో 200సి. ఆర్‌టీఎస్ పద్ధతిలో (ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు) టైప్ చేసేవాళ్లు ^ కొడితే పడుతుంది. అది లేకపోతే 'హైదరాబాద్‌లో' కాస్తా 'హైదరాబాద్లో' అవుతుంది. కంప్యూటర్‌కు ఈ రెండూ వేర్వేరు మాటలు, పాత వార్తల్లో వెతికితే ఒకటే దొరికి రెండోది దొరక్కపోవచ్చు.

పాత_ఫైలు:
పైవాళ్లు చెప్పింది నిజమే గానీ, పలుకు కోసం పాతుకుపోయిన పేర్లను కదపొద్దు. పారిస్‌ను ఫ్రెంచివాళ్లు 'పారీ' అన్నా మనకు పారిసే. రొనాల్డోను రొనాల్దు అంటే ఎవరో కొత్త ఆటగాడనుకుంటారు. కొత్తగా వార్తల్లోకి వచ్చిన పేరునైతే మొదటి రోజే పట్టుకోవాలి, వారం దాటితే మారదు.

ఊరో దేశమో పేరే మార్చుకుంటే సంగతి వేరు. ఉక్రెయిన్ రాజధానికి రష్యన్ పలుకు కియెవ్, ఉక్రేనియన్ పలుకు కీవ్. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ 2019లో ఉక్రేనియన్ స్పెల్లింగ్‌కు మారింది. టర్కీకి తుర్కియే అనే పేరును ఐక్యరాజ్యసమితి 2022లో ఒప్పుకుంది.

పది నిమిషాలుంటే వరస ఇది: మీ డెస్క్ పేర్ల జాబితా, తర్వాత పేరు ఏ భాషదో, తర్వాత ఆ మనిషి తన పేరు తానే చెప్పుకున్న వీడియో. మహిళా టెన్నిస్ సంఘం డబ్ల్యూటీఏ వెబ్‌సైట్‌లో క్రీడాకారిణుల గొంతుతోనే పేర్లు వినొచ్చు. మామూలు మాటల పలుకులు వినడానికి ఫోర్వో వెబ్‌సైట్ ఉంది. మీట నొక్కితే చదివే యంత్రాన్ని నమ్మొద్దు, అది పోలిష్ పేరును కూడా ఇంగ్లిష్‌లా చదివేస్తుంది. అమెరికా ఊళ్లనైతే ఊహించనే వద్దు. కాన్సస్‌కు చివర స్ ఉంది, ఆర్కన్‌సాకు లేదు. టెక్సస్ నగరం హ్యూస్టన్, అదే స్పెల్లింగున్న న్యూయార్క్ వీధి హౌస్టన్.

రాత్రి_డ్యూటీ:
మన దేశం పేర్లకు హిందీ కాపీ చూసి రాసేస్తే?

అచ్చుతప్పు:
శ, ష తేల్చుకోవడానికి పనికొస్తుంది. ఒడిశాలో శ అని అక్కడే తెలుస్తుంది. అక్షరానికి అక్షరం దించితే మాత్రం దెబ్బతింటారు. 'గడకరీ' అని రాసి గడ్కరీ అని పలుకుతారు వాళ్లు. పైగా హిందీ రాతలో మనలా హ్రస్వ ఎ, ఒ లేవు. అందులోని విదేశీ పేర్లను అలాగే దించితే టెన్నిస్ కాస్తా 'టేనిస్' అవుతుంది.