కేరళలో అన్నేసి కోవిడ్ కేసులొస్తే బాగా చేసిందని ఎలా అంటారు?

ప్రశ్న: 2021 ఆగస్టులో దేశంలో రోజూ వచ్చే కేసుల్లో సగానికి పైగా కేరళవే. అయినా కేరళను మెచ్చుకోవడమేంటండీ?

జవాబు 1: కేసుల లెక్క ఒక్కటే పట్టుకుంటే బోల్తా పడతాం. 2021 జూన్-జులైలో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చేసిన నాలుగో సీరో సర్వే, అంటే ఎంతమంది రక్తంలో యాంటీబాడీలు ఉన్నాయో చూసే సర్వే, చూడండి. వైరస్ సోకినా, టీకా వేసుకున్నా ఒంట్లో పుట్టే రక్షక ప్రొటీన్లే యాంటీబాడీలు. యాంటీబాడీలు ఉన్నవాళ్లు మధ్యప్రదేశ్‌లో 79 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 70.2, కేరళలో 44.4. అంటే అప్పటిదాకా కేరళలో సగం మందికి పైగా వైరస్ సోకలేదు, టీకా రక్షణా అందలేదు. మిగతా చోట్ల ముందే కాలిపోయిన గడ్డి అక్కడ ఇంకా మిగిలి ఉంది, డెల్టా రకం వైరస్ దానికి అంటుకుంది.

జవాబు 2: నిజమే, కానీ ఆ సర్వే దేశం మొత్తం మీద 70 జిల్లాల్లోనే చేశారు. ఆంధ్రలో కృష్ణా, నెల్లూరు, విజయనగరం అంతే. దశాంశాలను మరీ నమ్మకండి. మరణాల పోలికలో ఇంకో చిక్కు: కేరళ పాత మరణాలను తర్వాత పెద్ద ఎత్తున లెక్కలో కలిపింది. తేదీ చూడకుండా గ్రాఫ్ గీస్తే తప్పొస్తుంది.

జవాబు 3: కేరళను మెచ్చుకునేటప్పుడు టీకా వృథా కానివ్వని సంగతి కూడా చెప్పాలి. కోవిషీల్డ్ టీకా వయల్‌లో (మందు సీసాలో) 5 ఎం.ఎల్., డోసు 0.5 ఎం.ఎల్., అంటే పది మందికి. కంపెనీ కాస్త ఎక్కువే నింపుతుంది కాబట్టి సూదిలో మందు మిగలకుండా తీస్తే పదకొండో డోసు వస్తుంది. కేరళ నర్సులు చేసిందదే. రెండు వయల్స్‌లో మిగిలినవి మాత్రం కలపకూడదు. తెరిచిన నాలుగు గంటల్లో వాడేయాలి. చిన్న ఊళ్లో నలుగురొస్తే మిగతా ఆరు డోసులు పారబోయడమే, అందుకే జనాన్ని ముందే పోగేసుకుని మూత తీసేవారు.