‘ఏకవ్యక్తి చిత్ర ప్రదర్శన’: ఈ మాట ఎక్కడ విరుగుతున్నది?

ప్రశ్న (హనుమకొండ)

ఒక చిత్రకారిణి బొమ్మల ప్రదర్శనకు ఆహ్వానపత్రం సిద్ధమవుతున్నది. మొత్తం 32 బొమ్మలు, అన్నీ ఆమె వేసినవే. ముసాయిదాలో “సమకాలీన చిత్రకారిణి ఏకవ్యక్తి చిత్ర ప్రదర్శన” అని ఉంది. చదివినవాళ్లలో ఒకరు “ఒకే మనిషి బొమ్మలా?” అన్నారు, ఇంకొకరు “ఏం సినిమా?” అన్నారు. సోలో షోకు తెలుగులో ఏ మాట వాడాలి? గోడ మీద బొమ్మ పక్కన పెట్టే చీటీల భాష గురించి కూడా చెప్పగలరు.

జవాబు (కరీంనగర్)

ఆ ఇద్దరూ పొరపాటు పడలేదండీ, తప్పు సమాసంలోనే ఉంది. ‘వ్యక్తి’ పక్కన ‘చిత్రం’ రాగానే తెలుగు చదువరి కన్ను ఆ రెండింటినీ కలిపేస్తుంది, ఎందుకంటే ‘వ్యక్తిచిత్రం’ అంటే పోర్ట్రెయిట్ అని ఇప్పటికే స్థిరపడింది. అప్పుడు అది ‘ఏక + వ్యక్తిచిత్ర + ప్రదర్శన’ అవుతుంది. ఇక ‘చిత్ర ప్రదర్శన’ను విడిగా చదివితే సినిమా ఆడించడమే. పత్రికలు కొన్ని దశాబ్దాలుగా సినిమాను ‘చిత్రం’ అంటున్నాయి కాబట్టి దాన్ని తప్పు పట్టలేం.

అందుకే ‘చిత్ర’ తీసేసి ‘చిత్రకళా’ పెట్టండి. ‘ఏకవ్యక్తి చిత్రకళా ప్రదర్శన’ అంటే రెండు అనుమానాలూ పోతాయి. ‘కళా’ అని దీర్ఘం ఉండాలి. విడిగా ‘కళ’ అంటాం గానీ తత్సమ సమాసంలో మొదటి పదంగా ఉన్నప్పుడు సంస్కృతంలోని దీర్ఘం నిలుస్తుంది: కళాశాల, కళాకారుడు, విద్యాశాఖ వంటివన్నీ ఇదే దారి.

కరపత్రాల్లో కనబడే మరికొన్ని మాటలు ఇంకా ప్రమాదం. ‘ఏకైక ప్రదర్శన’ అంటే ఆమె జీవితంలో ఇదొక్కటే ప్రదర్శన అని. ‘స్వీయ ప్రదర్శన’ అంటే తనను తాను చూపించుకోవడం. ‘ఏకచిత్ర ప్రదర్శన’ అంటే గోడకు ఒక్క బొమ్మే ఉంటుందని. మూడింటినీ పక్కన పెట్టండి.

జవాబు (జనగామ)

ఒక చిన్న సవరణ. ఆహ్వానపత్రం మీద అసలు ‘ఏకవ్యక్తి’ ఎందుకు? తెలుగులో షష్ఠీ విభక్తి ఆ పని ఎప్పుడో చేస్తున్నది. “ఫలానా గారి చిత్రకళా ప్రదర్శన” అంటే ఆ బొమ్మలు ఒక్కరివేనని ఎవరికైనా తెలుస్తుంది. ‘గారి’ అంటే చిత్రకారుడా, చిత్రకారిణా అన్న చిక్కు కూడా ఉండదు. పలువురు కలిసి పెట్టినప్పుడే విడిగా ‘బృంద ప్రదర్శన’ అని చెప్పాల్సి వస్తుంది. ఇంకా సూటిగా కావాలంటే “ఫలానా గారి బొమ్మలు” అని పెద్దక్షరాల్లో వేసి, కింద తేదీలు వేయండి. మన దగ్గర చిత్రకారులు తమలో తాము మాట్లాడుకునేది ‘బొమ్మ’ అనే. అది చిన్నపిల్లల ఆటబొమ్మకు మాత్రమే చెందిన మాట కాదు.

‘సమకాలీన’ను కూడా ఒకసారి చూడండి. తెలుగులో మనుషుల గురించి చెప్పేటప్పుడు ఆ మాట సాధారణంగా జంటను కోరుతుంది. ‘పోతన, శ్రీనాథుడు సమకాలీనులు’ అంటాం. ఎవరికి సమకాలీనమో చెప్పకుండా ‘సమకాలీన చిత్రకారిణి’ అంటే వాక్యం సగంలో ఆగినట్టు ఉంటుంది. ‘నేటి చిత్రకారిణి’ చాలు. దాని బదులు ‘ఆధునిక’ మాత్రం వేయొద్దు, చిత్రకళలో అది ఒక కాలానికి, ఒక ధోరణికి పేరు. నిన్న వేసిన బొమ్మ ఆధునికం కాకపోవచ్చు, 70 ఏళ్ల కిందటి బొమ్మ ఆధునికం కావచ్చు.

జవాబు (వరంగల్)

జనగామ వారి మాట కార్డుకు సరిగ్గా సరిపోతుంది. కానీ పరిచయపత్రంలో, ఉదాహరణకు, “ఇప్పటికి 4 ఏకవ్యక్తి ప్రదర్శనలు, 11 బృంద ప్రదర్శనలు” అని లెక్క చెప్పేచోట ‘ఏకవ్యక్తి’ కావాలి. అక్కడ చిత్రకళ ఊసు ముందే ఉంటుంది గనుక సందేహం రాదు.

పనిలో పనిగా ఇంకో తేడా. రెట్రోస్పెక్టివ్‌ను కూడా చాలామంది ‘ఏకవ్యక్తి’ అనే రాస్తున్నారు. తొలి రోజుల నుంచి ఇప్పటిదాకా వేసిన పనిని ఎంచి చూపితే అది ‘సింహావలోకనం’. నడుస్తున్న సింహం ఆగి, వచ్చిన దారిని మెడ తిప్పి చూసుకుంటుందన్న న్యాయం నుంచి వచ్చిన మాట. ఇంత బలమైనది చేతిలో ఉంచుకొని ‘పునరవలోకన ప్రదర్శన’ అని కొత్తది ఎందుకు కుట్టాలి? 32 బొమ్మలూ గత రెండు మూడేళ్లవే అయితే మాత్రం ఆ మాట వాడకండి, అబద్ధమవుతుంది.

గ్యాలరీకి మాట వెతుక్కునేటప్పుడు మన ఊరిని మరిచిపోవద్దు. క్రీడాభిరామం అనే పాత కావ్యంలో గోవింద మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు ఓరుగల్లు తిరుగుతారు. అదే రోజు మాచల్దేవి ఇంట్లో చిత్రశాలా ప్రవేశం. గోడల మీది బొమ్మల్లో ఏ కథలున్నాయో ఆ కవి వరుసగా చెప్పుకొస్తాడు. అంటే బొమ్మలున్న చోటికి ‘చిత్రశాల’ అని, దాన్ని తెరిచే వేడుకకు ‘ప్రవేశం’ అని ఈ ఊరి మీద రాసిన కావ్యంలోనే ఉన్నాయి. ‘ఆర్ట్ గ్యాలరీ’ అందరికీ తెలుసు, దాన్ని తీసేయమనను. ‘చిత్రశాల’ పక్కన ఉంటే ఓరుగల్లు వాసన వస్తుంది.

జవాబు (సిద్దిపేట)

చీటీల సంగతి. వరుస ఇలా ఉండాలి: బొమ్మ పేరు, సంవత్సరం, దేనిమీద దేనితో వేశారు, కొలత. చిక్కులన్నీ చివరి రెండింటిలోనే.

కొలతలో ఎత్తు ముందు, వెడల్పు తర్వాత రాయడం చిత్రకళలో పద్ధతి. మనకు ‘పొడవు, వెడల్పు’ అలవాటు కాబట్టి పెద్ద సంఖ్యను ముందు వేసేస్తాం. 36 × 48 కాస్తా 48 × 36 అవుతుంది. అడ్డబొమ్మ కాగితం మీద నిలువుబొమ్మ అయిపోతుంది. చీటీ చూసి చట్రం కట్టేవారు, ముందుగా గోడ లెక్క వేసుకునేవారు ఇద్దరూ తప్పుతారు. వట్టి గుణకారం గుర్తు కాకుండా ‘ఎత్తు 36, వెడల్పు 48 అంగుళాలు’ అని మాటల్లో వేయండి.

‘కాగితంపై బొగ్గు’ అని అనువదిస్తే పొయ్యిబొగ్గు గుర్తొస్తుంది. ‘కాగితంపై బొగ్గుకడ్డీ గీతలు’ అనండి, లేదా ‘చార్కోల్’ ఉంచండి. పాత కరీంనగర్ జిల్లా బూరుగుపల్లిలో 1942లో పుట్టిన తోట వైకుంఠం గారి తొలినాటి బొమ్మల్లో చార్కోల్‌వి ఎన్నో ఉన్నాయి. అలాంటి చోట రంగు సంగతి కన్నా గీత సంగతి చెప్పాలి, ‘గీతలు’ అన్న మాట ఆ పని చేస్తుంది.

‘మిశ్రమ మాధ్యమం’ అన్నది బద్ధకపు మాట. ఏమేం కలిశాయో చెప్పండి. ఉదాహరణకు మా పక్కనున్న చేర్యాలలో కథల పటాలు వేసే నకాషీ పద్ధతిలో బట్ట సిద్ధం చేసుకొని దాని మీద కొత్త బొమ్మ వేసేవారున్నారు. ఖాదీ బట్టకు గంజి, సుద్దమట్టి, ఉడకబెట్టిన చింతగింజల ముద్ద, జిగురు కలిపి పూతలు పూస్తారు, ఒక పూత ఆరినాకే ఇంకొకటి. తొందరపడి తడి మీద తడి పూస్తే చుట్టేటప్పుడు పగుళ్లిస్తుంది. ఇంత పని చేసిన నేలను (రంగుల కింద ఉండే పూతను) ‘బట్టపై రంగులు’ అని తేల్చేయడం అన్యాయం. ‘సుద్ద, చింతగింజల జిగురు పూసిన ఖాదీపై నీటిరంగులు’ అని రాస్తే చూసేవారు ఒక అడుగు దగ్గరికి వచ్చి ఆ నేలనూ చూస్తారు. ‘నకాషీ’ ఉర్దూ దారిన వచ్చిన మాట, చెక్కడం, చిత్రించడం రెండూ అందులో ఉన్నాయి. దాన్ని ‘జానపద శైలి’గా మార్చొద్దు.

పేరు పెట్టని బొమ్మలకు ‘అనామిక’ అని వేస్తుంటారు. అనామిక ఉంగరపు వేలు, ఆడపిల్ల పేరు కూడా. చూసేవారు అదే బొమ్మ పేరనుకుంటారు. ‘శీర్షిక లేదు’ అంటే చీటీ రాసినవారు మరిచిపోయారనిపిస్తుంది. ‘పేరు పెట్టని బొమ్మ – 3’ అంటే గొడవ లేదు.

జవాబు (వరంగల్, డీటీపీ పని)

అన్నా, మాట ఎంత మంచిదైనా ప్రింటుల పోతది, జర చూసుకోవాలె. యూనికోడ్‌ల టైప్ చేసింది అను ఫాంట్లకు (డీటీపీల వాడే యూనికోడ్ కాని ఫాంట్లు) మార్చినప్పుడు వత్తులు జారుతయి. ‘ప్రదర్శన’ల ‘ర్శ’, ‘వ్యక్తి’ల ‘క్తి’, ‘చిత్రకళా’ల ‘త్ర’, ఈ మూడూ మార్చినంక కంటితోని చదువుర్రి. ఫ్లెక్సీ మీద వరుస ఎక్కడ విరగాల్నో మీరే చెప్పుర్రి. చెప్పకుంటే ‘చిత్రకళా’ పైన ఉండి ‘ప్రదర్శన’ ఒక్కటే కిందికి దిగుతది.

చీటీలకు 20 పాయింట్లకు తక్కువ వద్దు. ఇంగ్లిషు కొలతల వరుసల మధ్య జాగా పెడితే పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగులుతయి. అక్షరానికి ఒకటిన్నర రెట్లు పెడితే సాఫ్‌గ ఉంటది. వినైల్ కోసి గోడకు అంటిస్తే చిన్న వత్తులే ముందు లేస్తయి, అందుకే పెద్ద శీర్షికకే వినైల్, చీటీలకు అట్ట మీద ప్రింటు.

ఇంకోటి. ‘కాన్వాస్’కు ‘పై’ కలిపి కొడితే కంప్యూటర్ దాన్ని ‘కాన్వాస్పై’ చేస్తది, ‘ప’ పోయి ‘స’ కింద వత్తయి కూసుంటది. ‘చార్కోల్తో’ గూడ అంతే. మధ్యల కనబడని గుర్తు పెట్టి ఆపొచ్చు గానీ ఫాంటు మారిస్తే అది పోతది. ‘కాన్వాసుపై’ అని ఉకారం పెట్టుర్రి, మన నోట్లె ఉన్నది గూడ అదే.

ప్రశ్న అడిగినవారు (హనుమకొండ)

కార్డు ఇలా మారింది: పైన “ఫలానా గారి బొమ్మలు”, కింద “నేటి చిత్రకారిణి చిత్రకళా ప్రదర్శన”. వెనక పరిచయంలో ‘3వ ఏకవ్యక్తి ప్రదర్శన’. చీటీ నమూనా: “పేరు పెట్టని బొమ్మ – 3. 2024. కాన్వాసుపై ఆక్రిలిక్ రంగులు. ఎత్తు 36, వెడల్పు 48 అంగుళాలు.”

జవాబు (జనగామ)

కింది వరుసలో ‘చిత్రకారిణి’, ‘చిత్రకళా’ వెంటవెంటనే వచ్చి నాలుక తడబడుతున్నది. పైన పేరు ఉండనే ఉంది కదా, ‘నేటి చిత్రకారిణి’ తీసేయండి. ‘చిత్రకళా ప్రదర్శన’, తేదీలు, చోటు చాలు.